మోర్‌పంఖి కాయల కోసం వికారాబాదు దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. యెరూషలేము వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, ఫొటోలు కూడా పెడతారు. నేను వికారాబాదు వెళ్ళొచ్చాను. మాది యాలాల్ మండలంలో ఒక పల్లె. అక్కణ్ణుంచి తాండూరుకు ఆటో, తాండూరు నుంచి రైలు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు అక్కడుంటాం. ఇంతమాత్రానికి రాయడమెందుకు అంటారేమో. తిరిగొచ్చిన రోజు నుంచి ఊళ్ళో అందరూ నన్ను ఆపి "ఎస్తేరమ్మా, ఆ కొమ్మలెందుకు మోసుకొచ్చినవ్?" అని అడుగుతున్నారు. చెప్పి చెప్పి గొంతు పోయింది. యాభై రెండేళ్ళకు నేర్చుకున్న అక్షరాలు ఇంకెప్పుడు పనికొస్తాయి? ఇక చదువుకోండి.

ఎందుకు వెళ్ళానంటే

మా ఆయన సామేలు నాపరాయి గనిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. పోయి నాలుగేళ్ళయింది. మా దగ్గర అడుగు లోతు మట్టి తీస్తే కింద బండే. సమాధి తవ్వడానికి ఒకటిన్నర రోజు పట్టింది. బతికినన్నాళ్ళు తను పగలగొట్టాడు, పోయాక మా చేత పగలగొట్టించాడు.

మా క్రైస్తవుల్లో సమాధి తలాపున మోర్‌పంఖి చెట్టు పెట్టడం ఆనవాయితీ. మీరు చూసే ఉంటారు. ఆకు నెమలి పింఛంలా, విసనకర్ర విప్పినట్టు నిలువుగా ఉంటుంది. చలి కొండల్లో పెరిగే పైన్, దేవదారు చెట్లకు బంధువట. బంధువులు మంచులో ఉంటే ఇది మా దగ్గరికొచ్చి ఎండలో పడింది. నర్సరీలో అరవై రూపాయలకు మొక్క దొరుకుతుంది కదా అంటారు. కొన్నాను. రెండుసార్లు కొన్నాను. ఒక్కటీ మా ఎండాకాలం దాటలేదు.

వికారాబాదులో మా వదిన రత్నమ్మ, అంటే సామేలు అక్క, అద్దెకుండే పాత పెంకుటిండ్ల ఆవరణలో ఒక మోర్‌పంఖి ఉంది. గట్టి మొరంలో, రాతి సందులో నిలబడింది. నలభై ఏళ్ళలో దానికి ఎవరూ చెంబెడు నీళ్ళు పోసింది లేదని వదిన చెబుతుంది. పోయనివాళ్ళలో ఆమే మొదటిది కాబట్టి నమ్మొచ్చు. ఆ చెట్టు విత్తనమైతే మా బండ మీద బతుకుతుందని నా నమ్మకం. కావలసింది రెండు చెట్లు. ఒకటి సామేలుకు. ఆయన పక్కన నాలుగడుగుల జాగా వదిలిపెట్టాం, రెండోది దానికి. ఆ జాగా నాది. నా వయసు అరవై తొమ్మిది.

నర్సరీలో పద్దెనిమిదేళ్ళు కూలి చేశాను. వేప, కానుగ, టేకు విత్తనాలు నా చేతుల్లో ఎన్ని మొలిచాయో చెప్పలేను. ఈ ఒక్క కాయ మాత్రం నన్ను రెండుసార్లు ఓడించింది. మొదటి ఏడు కాయలు తెచ్చి వాకిట్లో నాపరాయి మీద ఎండబోశాను. తాండూరు వాళ్ళం, మిరపకాయలైనా కందులైనా వడియాలైనా ఆ బండ మీదే ఎండబెడతాం. మధ్యాహ్నానికి కాయలన్నీ పగిలి గింజలు రాలాయి. ఎంత బాగుందో అనుకున్నాను. ఒక్కటీ మొలవలేదు. నర్సరీ మేడమ్ విని, "అమ్మా, నువ్వు వాటిని ఆరబెట్టలేదు, వేయించినవ్" అంది.

రెండో ఏడు తప్పు కంది లెక్క. కంది చేను కోతకొచ్చిందా లేదా అని మేం కాయను చెవి దగ్గర ఊపి చూస్తాం. గలగలమంటే కోస్తాం. దీనికీ అట్లాగే ఆగాను. వెళ్ళి చూస్తే కాయలన్నీ నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి. మంచి గింజ ముందే రాలిపోయింది, మిగిలింది పొల్లు.

పచ్చికాయకూ నోరు తెరిచిన కాయకూ మధ్య కొద్ది రోజులే ఉంటాయి. ఈ ఏడు దీపావళి దాటాక చూసుకుని వెళదామనుకున్నాను. బతుకమ్మ పండుగ ముగిసిన వారానికే, ఒక మంగళవారం, వదిన ఫోన్ చేసింది. "ఎస్తేరు, శుక్రవారం చెట్టు కోస్తున్నరు. ఇంటాయన కారుకు షెడ్డు కడతడట."

బుధవారం పొద్దున బయలుదేరాను.

తాండూరు, రైలు

తాండూరులో ఎవరి చెప్పులు చూసినా తెల్లగా ఉంటాయి. రాళ్ళు కోసే మిషన్ల దుమ్ము. హైదరాబాదు వాళ్ళకు మా ఊరి బండ కావాలి, కందిపప్పు కావాలి, దుమ్ము మాత్రం మాకే వదిలేశారు. బజారులో రెండు గజాల తెల్ల మల్లుగుడ్డ, ఒక కొత్త బ్లేడు కొన్నాను. బ్లేడొక్కటే కొన్నందుకు దుకాణం పిల్ల నా ముఖం వంక పరీక్షగా చూసింది. "కాయ కోసి చూడనీకి" అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

రైలులో సేడం వైపు నుంచి వస్తున్న కన్నడం ఆమె జొన్నరొట్టెలు అమ్ముతోంది. "రొట్టి తగొళ్రి అమ్మా, నెల ఉన్నా కెడదు" అంది. తీసుకోండి, నెలైనా చెడిపోదు అని. మేమూ జొన్నరొట్టె తినేవాళ్ళమే, కానీ మాది మెత్తగా ఉంటుంది, ఆ పూటే తినాలి. వాళ్ళది అప్పడంలా కరకరలాడుతుంది. ఒకటి పదిహేను రూపాయలు, పల్లీ పొడి ఊరికే ఇచ్చింది. కొరికాను. రుచి బాగుంది. కింది వరస పన్ను ఒకటి కదిలింది. ఆమెకు చూపించాను.

"రొట్టె తప్పు కాదమ్మా, పన్ను హళేది" అంది. పాతదని అర్థం. నిజమే. పల్లీ పొడి నాకాను.

ధారూర్ దాటాక మట్టి రంగు మారింది. మాది నలుపు, ఇక్కడ ఎరుపు. కంది చేలు పూత మీదున్నాయి, పత్తి తీస్తున్నారు. ఇది తప్ప దారిలో చెప్పుకోదగ్గది లేదు.

వికారాబాదు, చెట్టు కింద

వదిన అన్నం వండిపెట్టింది. చికెన్ కూడా వండింది. మనిషికి చెడ్డ వార్త చెప్పాక ఆమె కోడిని కోస్తుంది. తిన్నాక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

కాయలు విపరీతంగా ఉన్నాయి. గోటంత కాయ, మీద చిన్న చిన్న కొమ్ములు, నీలం పొడి చల్లినట్టుంది. చూడటానికి అందంగా ఉంది, నాకు పనికిరాదు. చేతికందిన ఆరు కాయలు తెంపి, లోపలి గింజలు తీసి బ్లేడుతో నిలువునా కోశాను. ముదిరిన గింజలో పప్పు గట్టిగా, తెల్లగా, పెంకు నిండా ఉండాలి. ఇందులో పాలు కారింది.

"ఇంక పదిరోజులు గావాలె వదినా."

"పదిరోజులేంది, రెండ్రోజుల్ల చెట్టే ఉండదు. గన్ని తెంపుకపో. పది కిలోలు ఏస్తే నాలుగన్న మొలవయా?"

"పాలు కారే కంకిని కోసి వడ్లు పట్టిస్తవా నువ్వు?"

"నేను వడ్లు ఎన్నడు పట్టించిన? దుకాణంల కొంట" అంది. వాదనలో మా వదినను గెలవడం కష్టం, ఎందుకంటే ఆమె వాదన వినదు.

సాయంత్రం ఇంటి యజమాని దగ్గరికి వెళ్ళాం. మంచి మనిషే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

"శనివారం పొద్దుగాల ముగ్గు పోసే ముహూర్తం పెద్దమ్మా. మల్ల నెలన్నర దాకా లేదన్నడు పంతులు."

"గింజకు గూడ ముహూర్తం ఉంటది సారూ. అది దాటితే ఏమైతదో నాకెరుక. రెండుసార్లు దాటిన."

"కాయల కోసం ఎవరన్న కారు షెడ్డు ఆపుకుంటరా?"

"కారు ఇన్నిరోజులు యాడున్నది?"

"ఇంకా కొనలేదు" అన్నాడు.

ఆపనన్నాడు. టీ మాత్రం బాగుంది, అల్లం వేశారు.

అనంతగిరి కొండ మీద

గురువారం చేసేదేమీ లేదు. దిగులుగా కూర్చోవడం వదినకు నచ్చదు. "వచ్చినవ్ గదా, కొండ చూద్దువు పా" అని ఆటో ఎక్కించింది. అనంతగిరి మీద దేవుడి గుడి ఉంది, అడవి ఉంది, హైదరాబాదు నుంచి నడవడానికి వచ్చిన పిల్లలున్నారు. నడవడానికి కారులో వస్తారు. మాకు నడక పొలం దాకా ఊరికే దొరికేది. మూసీ నది ఈ కొండల్లోనే పుడుతుందని చెప్పి వదిన ఒక చోటు చూపించింది. నేను చూసింది ఒక తడి రాయి. చాయ్ ఇరవై రూపాయలు, కింద పది. నీళ్ళు కొండెక్కినందుకు పది అనుకున్నాను.

దిగే మలుపులో తండా ఆమె ఒకతి సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. పేరు శాంతిబాయి. బుట్ట నూట యాభై. ఒక కాయ తీసి నొక్కాను. రాయిలా ఉంది.

"గట్టిగున్నయి గదా?"

"ఇయ్యాల గట్టిగుంటయి. ఎల్లుండికి మెత్తబడతయి. కన్ను తెరిచినంకనే తెంపిన" అంది. కాయ నా ముఖానికి దగ్గరగా పెట్టింది. గడి గడికీ మధ్య పచ్చదనం పోయి లేత పసుపు గీత విచ్చుకుని ఉంది. "గీ గీత పడ్డదంటే చెట్టుతోని పని అయిపోయినట్టు. మిగిలింది ఇంట్ల గడ్డిల అయితది."

"గీత పడకముందు తెంపితే?"

"నల్లబడి మొద్దువారతది. పందులు గూడ ముట్టయి."

"మరి చెట్టుకే వదిలేస్తే?"

"ఉడతలకు పండుగ" అంది. "కొంటవా, పాఠం చెప్పించుకుంటవా? అన్నీ ఒక్కసారి అయితయా? ఎండ తాకే కొమ్మది ముందు తెరుస్తది, నీడది వెనక. చెట్టు చుట్టూ తిరగాలె, ఒక్కకాడ నిలవడి తెంపుతే అయితదా!"

రోడ్డు పక్క గోడ మీద కూర్చుండిపోయాను. నర్సరీలో పద్దెనిమిదేళ్ళు చేసినదాన్ని. నిన్న నేను చూసింది చేతికందిన ఆరు కాయలు. అవన్నీ కింది కొమ్మలవి, గోడ నీడలో ఉన్నవి. చెట్టు కొన వైపు తలెత్తి కూడా చూడలేదు. మెడ నొప్పి ఒక కారణం. రెండో కారణం గర్వం.

బుట్ట బేరమాడకుండా కొన్నాను. వదినకు కోపం వచ్చింది.

ఇంటికొచ్చి బట్టలారేసే వెదురుకర్రతో, దక్షిణం వైపు పైకొమ్మను నాలుగు పోట్లు పొడిచాం. మూడు కాయలు రాలాయి, ఒకటి వదిన కళ్ళద్దాల మీద. మీది నీలం పొడి పోయింది. పసుపు తిరిగి, కొమ్ముల దగ్గర గోధుమ రంగు పడింది, కానీ నోరు తెరవలేదు. బ్లేడు పెట్టాను. పప్పు గట్టిగా, ముదురు కొబ్బరిలా ఉంది, పెంకు నిండా ఉంది.

ఇక మిగిలిన చిక్కు ఒకటే. చెట్టును మొదలంటా నరికి పడేస్తే పైకాయ, కిందికాయ కలిసిపోతాయి. ముదిరినవి చితికి మట్టిలో పడతాయి. పైకొమ్మలను విడిగా, ఆకుతో సహా, మెల్లగా దించాలి. కొమ్మలో మిగిలిన రసంతో కాయ నీడలో మిగతా పని పూర్తి చేసుకుంటుంది. ఇరవై అడుగుల చెట్టు. ఎక్కేవాళ్ళం ఇద్దరం ముసలివాళ్ళం.

శుక్రవారం, రంపం

చెట్టు కోసే ఖాజా పొద్దున్నే వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పెట్రోలు రంపం, తాడు, మోటారు సైకిలు. నేను చెట్టు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా, జర లేవాలె."

"లేస్త. ముందు పైకి ఎక్కి ఆ ఎండ దిక్కు కొమ్మలు తాడు కట్టి దించు. గుంజొద్దు, పడెయ్యొద్దు. తర్వాత నీ ఇష్టం."

"అర్ధగంట పని అమ్మా ఇది. నువ్వు చెప్పినట్టు చేస్తే రెండు గంటలు. జుమ్మా నమాజుకు పోవాలె, పరిగి రోడ్డుల ఇంకో చెట్టున్నది. కాయలు దించుడు నా పని కాదు. ఏం జేస్తవ్ ఈ కాయల్ని? మందా?"

"మొక్కలు పెంచనీకి. ఒకటి మా ఆయన సమాధి కాడ పెడత. ఒకటి నా సమాధికి."

రంపం కింద పెట్టాడు. "నీదా? ఎప్పుడు?"

"అది నా చేతుల లేదు. అందుకే తొందర."

చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. మా వదిన అందుకుని, "నాలుగు సీతాఫలాలున్నయి, తింటవా కొడుకా?" అంది. ఇవాళ మెత్తబడవని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అతను తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు.

"మా దిక్కు గూడ సమాధి మీద పచ్చికొమ్మ పెడతం" అన్నాడు కాసేపటికి. "మా అమ్మది నిరుడయింది. పెట్టిన కొమ్మ ఎండిపోయింది. అక్కడంత మొరం. చెట్టు ఒకటి పెడదామంటే నిలవడతలేదు."

"ఇది నిలవడతది. రెండు మొక్కలిస్త నీకు."

"మొలుస్తయా పక్కా?"

"రెండుసార్లు మొలవలేదు" అన్నాను. అబద్ధం చెప్పి అతణ్ణి చెట్టెక్కించడం ఇష్టం లేదు.

నవ్వాడు. తాడు భుజాన వేసుకుని ఎక్కాడు. రంపం కిందే వదిలేసి చిన్న చేతిరంపం తీసుకెళ్ళాడు, అదిరితే కాయలు రాలతాయని. నేను చెప్పకముందే అతనికి తోచింది. ఒక్కొక్క కొమ్మ పెళ్ళికూతురు మేనాలోంచి దిగినట్టు దిగింది. కింద వదిన పట్టుకుంది, నేను ప్రతి కొమ్మకూ ఒక గింజ కోసి చూశాను. తొమ్మిది కొమ్మలు దిగాయి. ఐదింటిలో పప్పు గట్టిగా ఉంది, నాలుగింటిలో పాలు. ఆ నాలుగూ పక్కన పడేశాను.

"మస్తు కాయలున్నయి గదనే వాటికి!" అంది వదిన.

"ఉండనీ."

ఆమె గొణుగుతూ వాటినన్నిటినీ తెంపి సంచి నింపుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాత రంపం మోగింది. అర్ధగంటన్నాడు, పావుగంటలో అయిపోయింది. ఆవరణలో ఎండ ఒక్కసారిగా ఎక్కువైంది. వదిన తన గుమ్మం ముందు చేయి అడ్డం పెట్టుకుని నిలబడింది. "ఇన్నిరోజులు గింత ఎండ ఉండె అని తెల్వదు" అంది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

తిరుగు రైలు

శనివారం ఐదు కొమ్మలూ తడిగుడ్డలో చుట్టుకుని రైలెక్కాను. పెట్టెలో అందరూ నన్నే చూశారు. "క్రిస్మస్ ఇప్పుడే వచ్చిందా అమ్మా?" అని ఒకాయన అడిగాడు. వచ్చిందన్నాను. ఇంకో ఆమె ఒక రెమ్మ అడిగింది, మనవరాలి పుస్తకంలో పెట్టడానికి. ఈ ఆకు పుస్తకంలో ఉంటే చదువు వస్తుందని మా వైపు ఒక నమ్మకం. నేనూ నా వాచకంలో పెట్టుకున్నాను అప్పట్లో. చదువు వచ్చింది. ఆకు వల్లనో, చదువు చెప్పిన పంతులమ్మ తిట్ల వల్లనో తేల్చలేను. కాయల్లేని రెమ్మ చూసి తుంచి ఇచ్చాను. ఆ తర్వాత పెట్టె మొత్తానికీ చదువు అవసరమైంది. తాండూరు వచ్చేసరికి నా కట్ట సగమైంది. కాయలున్న రెమ్మ మాత్రం ఒక్కటీ వదల్లేదు.

ఇంటికొచ్చాక

కొమ్మలను వెనక వసారాలో, ఎండ రాని చోట తడి ఇసుకలో గుచ్చాను. వాకిట్లో నాపరాయి ఖాళీగా మెరుస్తోంది. దాని వైపు పోలేదు. పన్నెండు రోజులకు కాయలు గోధుమ రంగుకు తిరిగాయి. అప్పుడు తెంపి మల్లుగుడ్డ మీద నీడలో పరిచాను, గుడ్డ చుట్టూ చీమలు రాకుండా పసుపు చల్లాను. నాలుగో రోజు నోళ్ళు తెరిచాయి. గింజలను నీళ్ళలో వేస్తే తేలినవి తేలాయి, ఎనభై ఆరు మునిగాయి. మునిగినవే మట్టి నింపిన చిన్న సంచుల్లో నాటాను.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. వదిన రోజూ ఫోన్ చేసి "మొలిచినయా?" అని అడిగేది. మూడో వారం అడగడం మానేసింది, అది ఇంకా కష్టంగా ఉండింది. అక్కడ చెట్టు లేదు, ఇంకో ఏడు లేదు. ఇరవై ఆరో రోజు పొద్దున ఒక సంచిలో మట్టి పగిలింది. సూదుల్లాంటి రెండు ఆకులు, నెత్తిన గింజ పెంకు టోపీ. నెల తిరిగేసరికి ముప్ఫై ఒకటి లేచాయి.

వదిన సంచెడు పచ్చికాయలు ఏమయ్యాయో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఒక మొక్క తనక్కూడా కావాలని మాత్రం చెప్పింది, ఇప్పుడే ఏం తొందర లేదట.

మొన్న శుక్రవారం ఖాజా ఫోన్ చేశాడు.

"అమ్మా, మా అమ్మవి రెండు ఎట్లున్నయి?"

"అగ్గిపుల్లంత ఉన్నయి."

"ఎప్పుడిస్తవ్?"

"మోకాలెత్తు కాకుంటే మొరంల నిలవడవు. మూడేండ్లు పడతది."

"మూడేండ్ల దాకా నువ్వుంటవా అమ్మా?" అన్నాడు. మనసులో ఒకటి పెట్టుకుని ఇంకొకటి అడిగే మనిషి కాదు.

"ఉండాలె గద కొడుకా. ఎండాకాలం వీటికి నీళ్ళెవరు పోస్తరు?"

రోజూ పొద్దున పోస్తున్నాను, సంచికి అరచేతిలో పట్టినన్ని. సామేలు పక్కన ఆ నాలుగడుగుల జాగా అట్లాగే ఉంది. దానికిప్పుడు తొందరేం లేదు.